ఒకటో స్పీడు

షట్టర్ ఎత్తగానే సామేలు మొదట చేసే పని రేకు డబ్బా మూత తీసి చూడటం. డబ్బాలో ఒకే ఒక డిస్కు ఉంటుంది. నిన్న ఒకటే ఉంది, మొన్న ఒకటే ఉంది, నాలుగేండ్ల నుంచి ఒకటే ఉంది. ఉందని చూసుకుని మూత పెట్టి, జిరాక్స్ మిషన్ మీది దుమ్ము తుడిచి, పక్క హోటల్ నుంచి చాయ తెచ్చుకుని కూర్చుంటాడు.

జగిత్యాల బస్టాండు వెనక సందులో ఆ దుకాణం పెట్టి ముప్పయ్యేండ్లయింది. మొదట క్యాసెట్లు, తర్వాత సీడీలు. ఇప్పుడు అన్నం పెట్టేది జిరాక్స్ మిషనే. ఆధార్ కార్డులు, భూమి కాగితాలు, కాలేజీ పిల్లల మెమోలు. పాటలు ఫోన్లలోకి పోయాక ఆ సందులోని సీడీ దుకాణాలన్నీ ఒక్కొక్కటిగా బోర్డులు మార్చుకున్నాయి. సామేలు మార్చలేదు. "ఇక్కడ పాటలు ఎక్కించబడును" అన్న అక్షరాలు ఎండకు వెలిసినప్పుడల్లా కుంచె పట్టుకుని మళ్ళీ దిద్దుతాడు.

ఆయన దగ్గర సీడీ చేయించుకునేవాళ్ళు ముందు చెప్పవలసింది పాటల పేర్లు కాదు, డిస్కు మీద ఎక్కించే స్పీడు. నలభై ఎనిమిదిలో కొడితే నిమిషాల్లో పని అయిపోతుంది, పాట పాటలాగే వస్తుంది. ఇరవై నాలుగులో కొడితే పాటతో పాటు ఆ గది కూడా వస్తుంది. ఫ్యాను, గోడ అవతల దగ్గు, రేకుల మీది వాన. ఎనిమిదిలో కొడితే పాడిన మనిషి కడుపులో ఆకలి ఉంటే అదీ వినపడుతుంది. ఒకటిలో కొడితే గంట క్యాసెట్టుకు గంట పడుతుంది. కానీ ఆ మనిషి ఆ పూట చెప్పాలనుకుని చెప్పకుండా మింగిన మాటలన్నీ వస్తాయి.

జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో ఈ సంగతి అందరికీ తెలుసు. పెండ్లి పాటలు నలభై ఎనిమిదికి తగ్గించవద్దని పెద్దలు చెప్పి పంపేవారు. ఒక పాస్టరు గారు ఉపవాస ప్రార్థనలో చేసిన ప్రసంగాన్ని ఎనిమిదిలో కొట్టించుకుపోయి, మరుసటి వారమే తిరిగొచ్చి, వాక్యం కంటే తన కడుపే గట్టిగా మాట్లాడుతున్నదని చెప్పి ఇరవై నాలుగులో మళ్ళీ చేయించుకున్నాడు. ఎన్నికలప్పుడు ఏ పార్టీవాళ్ళు వచ్చినా నలభై ఎనిమిదే అడిగేవారు. ఒకటో స్పీడు మీద జనానికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే, అంతసేపు కూర్చుంటే బస్సు తప్పిపోతుందని.

ఒకటో స్పీడుకు అన్ని డిస్కులూ పనికిరావు. ఇప్పుడు దొరికేవి పదహారుకు తగ్గిస్తే మొరాయించి పాడైపోతాయి. వెనక వైపు ముదురు నీలంగా ఉండే పాతరకం కావాలి. అవి రావడం మానేసి ఏండ్లయింది. రేకు డబ్బాలో ఉన్నది అలాంటిదే, ఆఖరిది. దాన్ని సామేలు తన కోసం దాచుకున్నాడు. ఎవరు అడిగినా లేదనే చెప్పాడు. చిక్కేమిటంటే దాని మీద ఎక్కించడానికి ఆయన దగ్గర ఎవరి గొంతూ లేదు. తల్లి ఇంట్లోకి టేప్ రికార్డర్ రాకముందే పోయింది. పెండ్లి చేసుకోలేదు. మూడు ఊళ్ళ గొంతులు ఎక్కించిన మనిషికి తనను పిలిచిన గొంతు ఒక్కటీ రీలు మీద లేదు. అయినా డిస్కును దాచుకున్నాడు. దాచుకున్నాక ఇక ఇవ్వడం ఆయన వల్ల కాలేదు.

ఆ గురువారం ముసురు పట్టి ఉంది. పదకొండు గంటలకు సిరిసిల్ల బస్సు దిగి ఒక ఆడమనిషి గొడుగు లేకుండా దుకాణంలోకి వచ్చింది. యాభై అయిదేండ్లుంటాయి. కొంగు కింది నుంచి గుడ్డలో చుట్టిన క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టింది. పేరు పోచవ్వ అని, తంగళ్ళపల్లి నుంచి వచ్చానని, దీన్ని ఒకటో స్పీడులో కొట్టాలని చెప్పింది.

ఒకటో స్పీడు బంద్ అయిందని, డిస్కులు లేవని సామేలు చెప్పాడు. ఆమె సరే అనలేదు, పోలేదు. స్టూలు లాక్కుని గోడ పక్కన కూర్చుని, సంచిలోంచి తునికాకు కట్ట, కత్తెర తీసి, ఒళ్ళో గుడ్డ పరుచుకుని, బీడీల కొలతకు ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. కాసేపు చూసి సామేలు మళ్ళీ చెప్పాడు.

"లేదన్న గద చెల్లె."

"లేకపోతే మాటమాటకు గా రేకు డబ్బా దిక్కు ఎందుకు చూస్తున్నవే అన్నా?"

సామేలు చాయ గ్లాసు కింద పెట్టాడు. డిస్కు సంగతి తర్వాత, ముందు క్యాసెట్టు బతికి ఉందో లేదో చూద్దామన్నాడు. రీలు కొంచెం బూజు పట్టింది. దూదితో తుడిచి, టేప్ డెక్కులో పెట్టి, కంప్యూటరుకు తీగ తగిలించి బటన్ నొక్కాడు. క్యాసెట్టు కంప్యూటరులోకి ఎక్కడానికే గంట. ఆ గంటలో ఆమె కత్తెర ఆపకుండా తన సంగతి చెప్పింది.

క్యాసెట్టు ఇరవై ఆరేండ్ల కిందటిది. భర్త గంగయ్య అప్పుడు దుబాయిలో భవనాల పనిలో ఉన్నాడు. ఇద్దరికీ చదువు లేదు. ఆ రోజుల్లో చదువు రాని ఇండ్లలో ఉత్తరాలు క్యాసెట్లే. అక్కడి మనిషి ఒక దిక్కు మాట్లాడి, రెండో దిక్కు ఖాళీ ఉంచి, ఊరికి వచ్చేవాళ్ళతో పంపేవాడు. ఇక్కడి మనిషి రెండో దిక్కు నింపి, తిరిగి పోయేవాళ్ళకు ఇచ్చేది. ఈ క్యాసెట్టు అట్లా పోయి, రెండేండ్ల తర్వాత గంగయ్య పెట్టెలో అతనితో పాటు తిరిగొచ్చింది.

తిరిగొచ్చినవాడు సాంచాల షెడ్డులో పనికి చేరాడు. మరమగ్గాల మధ్య పన్నెండు గంటలు నిలబడేవాళ్ళకు మాటతో పని ఉండదు, సైగ చాలు. గంగయ్యకు ఇంట్లో కూడా సైగే చాలింది. తాగడు, కొట్టడు, సంతకు పోయి కూరగాయలు తెస్తాడు, ఆమెకు జ్వరం వస్తే మందు గోలీ తెచ్చి పక్కన పెడతాడు. మాట్లాడడు. ఇరవై నాలుగేండ్లు.

"కూరల ఉప్పు తక్కువైందని గూడ అనడు. ఒక్కనాడన్న అనద్దా? నేను చేసింది తిన్నట్టు నాకెట్ల ఎరుకైతది?" అంది పోచవ్వ.

కూతురు శ్రీలత కోరుట్లలో ఉంటుంది. ఇంట్లో ఒక అర్ర ఖాళీగా ఉంది, వచ్చెయ్యమని రెండేండ్ల నుంచి అడుగుతోంది. ఈ ఆదివారం అల్లుడు శ్రవణ్ ట్రాలీ ఆటో తీసుకుని వస్తాడు. పోచవ్వ సరేనంది. ఆ మాట గంగయ్య ముందే అయింది. పొమ్మనలేదు, ఉండమనలేదు. తువ్వాల దులుపుకుని షెడ్డుకు పోయాడు.

"గీ క్యాసెట్ల ఆయన మస్తు మాట్లాడిండు. దాని అడుగున నాకోసం ఏమన్న ఉంటె ఉంట. లేకపోతే బిడ్డ దగ్గరికి పోత. గంతే."

అప్పటికి స్పీకర్లో గంగయ్య గొంతు చాలాసేపటి నుంచి నడుస్తోంది. ముప్పై అయిదేండ్లు దాటని గొంతు. ఇక్కడ మంచిగున్నానన్నాడు, తిండి మంచిగున్నదన్నాడు, పని అల్కగనే ఉన్నదన్నాడు. కష్టమేమీ లేదు, రంది పెట్టుకోవద్దన్నాడు. బర్రె ఈనిందా అని, మడి తడి ఆరిందా అని, వాడకట్టులో ఒక్కొక్కరి పేరు చెప్పి వాళ్ళను అడిగినట్టు చెప్పమన్నాడు. మధ్యమధ్యలో ఎవరో నవ్వారు, ఎవరో గిన్నె కింద పెట్టారు. చివరికి, టేపు అయిపోవస్తున్నదని, రెండో దిక్కు నువ్వు మాట్లాడి పంపమని చెప్పాడు.

సామేలు క్యాసెట్టు తిప్పి పెట్టాడు. రెండో దిక్కు మాట లేదు. ఖాళీ అనుకుని ఆపబోయి ఆగాడు. కర్ కర్ మని ఒక చప్పుడు వస్తోంది. ఆయన తల తిప్పి చూశాడు. గోడ పక్కన పోచవ్వ ఆకు కత్తిరిస్తోంది. స్పీకర్లోంచీ ఆమె చేతిలోంచీ ఒకే చప్పుడు వస్తోంది, ఒకే వేగంతో. రెండింటి మధ్య ఇరవై ఆరేండ్లున్నాయంటే నమ్మేట్టు లేదు.

"మాట్లాడలేదా చెల్లె?"

పోచవ్వ తల ఎత్తకుండానే చెప్పింది. అప్పుడు ఊళ్ళో రికార్డు అయ్యే మిషను హనుమంత రావు దొర ఇంట్లోనే ఉండేది. దుబాయి క్యాసెట్టు వచ్చిన ఆడవాళ్ళంతా వాళ్ళ అరుగు మీద కూర్చుని మాట్లాడవలసిందే. సుమిత్ర దొరసాని మంచి మనిషే. మిషన్ పెట్టి, బటన్ తానే నొక్కి, ఎదురుగా కుర్చీలో కూర్చుని వినేది. ఒకామె భర్తను తలుచుకుని రెండు మాటలు ఎక్కువ చెప్పినందుకు, ఆ మాటలను ఊరు ఏడాది పాటు అప్పచెప్పుకుని నవ్వింది. పోచవ్వ నోరు తెరవలేకపోయింది. వట్టిగా కూర్చోవడం చేతగాక, ఒళ్ళోని ఆకు కత్తిరిస్తూ కూర్చుంది. అరగంటకు టేపు దానంతట అదే ఆగింది.

సామేలు లేచి రేకు డబ్బా తీశాడు. డిస్కును అంచులు పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. ముదురు నీలం, గీత లేదు. దాన్ని సీడీ రాసే రైటరులో పెట్టబోతుంటే పోచవ్వ కత్తెర ఆపింది. ఆమెకు అప్పుడే ఒక సంగతి తట్టింది.

ఆయనది ఒకటిలో కొట్టి, తనది నలభై ఎనిమిదిలో కొట్టమని అడిగింది.

ఒక డిస్కుకు ఒక్కటే స్పీడని సామేలు చెప్పాడు. రెండుసార్లుగా రాస్తే ఇండ్లలో ఉండే ప్లేయర్లలో ఆడదు. ఒకసారి రాసింది చెరపడానికి రాదు. ఆలోచించుకోమన్నాడు. కావాలంటే రెండో దిక్కు వదిలేసి, ఆయన మాట్లాడిన దిక్కు ఒక్కటే ఎక్కిస్తానన్నాడు. రెండో దిక్కులో ఎట్లాగూ కత్తెర చప్పుడు తప్ప ఏమీ లేదని అనబోయి, ఒకటో స్పీడులో అది నిజం కాదు కదా అని ఊరుకున్నాడు.

పోచవ్వ మళ్ళీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. బయట ముసురు పెరిగింది. ఆ రోజు అరుగు మీద తాను ఏమేం మింగిందో ఆమెకు సగం గుర్తుంది, సగం లేదు. గుర్తున్న సగమే ఆమెను భయపెట్టింది. అవి ఒకసారి డిస్కు మీదికి ఎక్కితే ఏదో ఒకనాడు ఎవరో ఒకరు వింటారు. కూతురు వినవచ్చు, ఆయన వినవచ్చు. చివరికి ఒళ్ళోని గుడ్డ దులిపి చెప్పింది.

"ఆయనది ఇప్పుకొని ఇని, నాది మూటగట్టుకుంటె ఏం న్యాయమే అన్నా? రెండు దిక్కులు ఒకటిలనే కొట్టు."

సామేలు జిరాక్స్ మిషన్ బంద్ చేశాడు. పాత రైటరు, కరెంటు కొంచెం ఊగినా డిస్కు పోతుంది. మెమో కాపీ కోసం వచ్చిన కాలేజీ పిల్లకు, ఒకటో స్పీడు నడుస్తోందని, గంట ఆగాలని చెప్పాడు. ఆ పిల్ల తల ఊపి, చెప్పులు బయట విడిచి, నేల అదరకుండా వచ్చి స్టూలు మీద కూర్చుంది. ముగ్గురూ రైటరు మీద ఎర్రగా వెలుగుతున్న చిన్న దీపాన్ని చూస్తూ గంటసేపు కూర్చున్నారు. రాసేటప్పుడు ఏమీ వినపడదు. లోపల డిస్కు తిరిగే సన్నని చప్పుడు ఒక్కటే.

డిస్కు వేడిగా బయటికి వచ్చింది. దాని మీద పేరేం రాయాలని సామేలు అడిగితే, ఏమీ వద్దంది. పోయేముందు ఇంట్లో ఎవరెవరుంటారని ఆయనను అడిగింది. ఎవరూ లేరన్నాడు. ఆమె బస్సు వేళ చూసుకుంటూ మెట్టు దిగి, వెనక్కి తిరిగి, "పోయస్త సామేలన్నా" అంది. మళ్ళీ ముసురులో కలిసిపోయింది.

మరునాడు షట్టర్ ఎత్తగానే సామేలు రేకు డబ్బా మూత తీసి చూశాడు. ఖాళీ. మూత పెట్టి, జిరాక్స్ మిషన్ మీది దుమ్ము తుడిచాడు. ఆ తర్వాతి రోజూ మూత తీసి చూశాడు.

ఆ రోజు శనివారం. తంగళ్ళపల్లిలో పోచవ్వ పొద్దుటి నుంచే బట్టలు సర్దింది. నాలుగు చీరలు, దుప్పటి, బీడీల చాట. ఒక జీవితం రెండు సంచుల్లో పట్టింది, మూడో సంచి తెరవనే లేదు. గంగయ్య సద్ది కట్టించుకుని షెడ్డుకు పోయాడు. మధ్యాహ్నం ఆమె తలుపు దగ్గరికి వేసి, శ్రీలత పెండ్లి వీడియో చూడటానికి కొన్న పాత ప్లేయరు బయటికి తీసి, టీవీకి తగిలించి, డిస్కు పెట్టింది. చాట ముందు పెట్టుకుని కూర్చుంది.

వాడలో సాంచాల చప్పుడు ఎప్పటిలాగే గోడలను వణికిస్తోంది. ఆమె టీవీకి చెవి ఆనించి కూర్చోవలసి వచ్చింది.

ఇక్కడ మంచిగున్నానన్నాడు గంగయ్య. ఆ మాట అయిపోగానే, దాని కింది నుంచి, అదే గొంతు ఇంకొంచెం సన్నగా వచ్చింది.

"భయమైతుంది పోచవ్వా."

తిండి మంచిగున్నదన్నాడు. పరంజ మీంచి పడ్డనన్నాడు కింది నుంచి, ఎడమ చెయ్యి మూడు నెలలు లేవలేదన్నాడు. పని అల్కగనే ఉన్నదన్నాడు. ఇక్కడ తనను పేరుతో కాదు నంబరుతో పిలుస్తారని, తన పేరు తనకే కొత్తగా వినపడుతున్నదని కింది నుంచి చెప్పాడు. అర్రలో పన్నెండు మందిమి, అందరూ వింటున్నారు, అందుకే బర్రెను అడుగుతున్న, మడిని అడుగుతున్న, నిన్ను అడుగుతలేను అన్నాడు. టేపు అయిపోవస్తున్నదని, రెండో దిక్కు మాట్లాడి పంపమని పైన అంటుండగా, కింది గొంతు తొందరపడింది.

"మాట్లాడకున్న సరే. ఏం చెప్పకున్న సరే. నువ్వు ఇంట్ల ఉన్న సప్పుడు ఒక్కటి పంపు. గదింటె నిద్ర పడ్తది నాకు."

పోచవ్వ చేతిలో ఆకు అట్లాగే ఉండిపోయింది.

అప్పుడే వాడలో సాంచాలు ఆగిపోయాయి. నూలు అయిపోయి షెడ్డు బంద్ పెట్టారు. ఆ చప్పుడు అలవాటైన చెవులకు ఒక్కసారి వచ్చిన నిశ్శబ్దం బరువుగా ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో రెండో దిక్కు మొదలైంది. కర్ కర్ మని కత్తెర. తలుపు తోసుకుని గంగయ్య వచ్చాడు. చేతిలో తినని సద్ది గిన్నె.

ఆమె చెయ్యి రిమోట్ మీదికి పోయింది. అక్కడే ఆగింది.

"దొరసాని చూస్తున్నది" అంది టీవీలోంచి ఇరవై తొమ్మిదేండ్ల పోచవ్వ, కత్తెర చప్పుడు మధ్యలో. "నవ్వుతదని మాట్లాడుతలేను. నేనీడ మంచిగ లేను. నీ అంగొకటి ఉతకకుండ దాసిన, దాని వాసన గూడ పోయింది. నాయిన ఎట్లుంటడని శ్రీలత అడిగితే చెప్పరాలేదు. నీ మొఖం మర్శిపోతున్న. పైసలొద్దు, ఏమద్దు. వచ్చెయ్యి."

గంగయ్య గడపలోనే కూర్చున్నాడు, వీధి వైపు ముఖం పెట్టి. అరగంటసేపు వీపు కదలలేదు. ఆమె ఆపలేదు. కత్తెర నడుస్తూనే ఉంది, వచ్చెయ్యి అన్న మాట ఇంకో పది తీర్ల వచ్చింది. డిస్కు అయిపోయి టీవీ నీలంగా వెలిగింది.

గంగయ్య గొంతు సవరించుకున్నాడు. ఇల్లు కొత్త మనిషి వచ్చినట్టు ఆ గొంతును విన్నది.

"నాకు కత్తెర సప్పుడొక్కటే ఇనవడ్డది అప్పుడు" అన్నాడు. "రెండేండ్లు రోజు ఇన్న. నేను నోరు తెరిచి అడగనే లేదు, అయిన పంపినవ్. నేను చెప్పకున్న నీకు ఇనవడ్తది అనుకున్న."

పోచవ్వ రిమోట్ పక్కకు పెట్టింది.

"గంతే అనుకున్న ఇన్నేండ్లు. రోజు చెప్తనే ఉన్న నీకు. ఇనవడ్తలేదా?"

ఆమె లేదన్నట్టు తల ఊపింది. అతను వీధి వైపు నుంచి ఇటు తిరిగాడు. గోడ పక్కన సర్దిపెట్టిన రెండు సంచులను చూశాడు. సద్ది గిన్నె పక్కన పెట్టి, ఎడమ చెయ్యి కుడి చేత్తో పట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చివరికి పరంజ మీంచి పడ్డ రోజు దగ్గర మొదలుపెట్టాడు. ఆ రోజు ఇసుక గాలి లేచిందట. పక్కన ఒక నేపాలీ అతను ఉన్నాడట.

చాటలో పెట్టిన ఫోను మోగింది. శ్రీలత. రేపు ఆటో పొద్దున ఎనిమిదికి పంపాలా తొమ్మిదికి పంపాలా అని అడిగింది.

"ఆగు బిడ్డా" అంది పోచవ్వ మెల్లగా. "మీ నాయిన మాట్లాడుతుండు."

ఫోనును తునికాకు మీద వెల్లకిలా పెట్టి, కత్తెర పక్కకు జరిపింది. అవతల కోరుట్లలో శ్రీలత మళ్ళీ ఏమీ అడగలేదు. ఫోను పెట్టెయ్యనూ లేదు.